చారలు లేని కట్లపాము

విశ్వేశ్వరరావు సార్ పామును చంపడం మొదటిసారి చూసినప్పుడు నేను లాబ్ బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. రెండు వేళ్లతో మెడ పట్టి తలను బల్లకేసి అదిమేవారు. తలకూ మెడకూ మధ్య సందు చూసుకొని సూది గుచ్చి తిప్పేవారు. పాము ఆయన మోచేతికి చుట్టుకొని బిగుసుకుపోయేది. ఆయన అదే చేత్తో కళ్లద్దాలు సర్దుకునేవారు. ఈథర్ దొరికిన రోజున ఈథర్, దొరకని రోజున సూది. చచ్చాక పొట్ట కింది పొలుసులూ, తోక కింది పొలుసులూ ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఊరూ తేదీ రాసిన చీటీ కట్టి స్పిరిట్ సీసాలో చుట్టి పెట్టేవారు.

"చంపకుండా పేరు పెట్టలేం మనోరమా," అనేవారు. అలా పన్నెండు వందల పాములను చంపారు.

నేను నారాయణగూడలోని ఒక కాలేజీలో జువాలజీ లాబ్ అసిస్టెంటుని. పుట్టింది, పెరిగింది చిక్కడపల్లిలోనే. సార్ అక్కడే లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆయనది రేపల్లె. అరవై ఒకటిలో ఎమ్మెస్సీ చదవడానికి అడిక్‌మెట్ పక్క యూనివర్సిటీకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ ఊరి పాములను ఎవరూ వరసగా చూడలేదని, ఏది ఏ జాతో తేల్చి రాయలేదని సైకిలేసుకొని బయల్దేరారు. అంబర్‌పేట్ పొలాలు, మూసీ ఒడ్డు, లోయర్ ట్యాంక్ బండ్ కింది మోరీలు, ఒక్క చోటు వదల్లేదు. నలభై ఏళ్లలో ముప్పై ఒక్క జాతులు తేల్చి, ప్రతిదానికీ తెలుగులో రెండు మాటల పేరు పెట్టారు. లాబ్ గోడమీద లిన్నేయస్ బొమ్మ ఉండేది. జీవులన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచింది ఆయనే. దసరాకి మైక్రోస్కోపులకు బొట్లు పెట్టేటప్పుడు ఆ బొమ్మకూ దండ వేయించేవారు సార్. "ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఎక్కడో స్వీడన్‌లో పుట్టి మన తెలుగువాళ్ల పద్ధతే పట్టుకున్నాడు మహానుభావుడు," అని మురిసిపోయేవారు.

మనిషికి కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. నీటిపాము జాతి గురించి వాదన వచ్చి తోటి లెక్చరర్ వీపుమీద కుర్చీ విరగ్గొట్టారు. స్పిరిట్ కంపు భరించలేక భార్య సుబ్బులుగారు విజయవాడలో అన్నగారింటికి వెళ్లిపోయి మళ్లీ తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన వారం తర్వాత గమనించారని మేం లాబ్‌లో నవ్వుకునేవాళ్లం.

రెండు వేల సంవత్సరంలో అడిక్‌మెట్‌లో ఒక ఇంటివాళ్లు పాము ఉందని కబురు చేస్తే నేనే వెళ్లి పట్టుకొచ్చాను. నల్లగా నిగనిగలాడుతోంది. ఒంటిమీద ఒక్క చార కూడా లేదు. కానీ వెన్ను నడుమ పొలుసుల వరస పక్కవాటికన్నా వెడల్పుగా, ఆరు మూలలతో ఉంది. తోక కింద పొలుసులు జంటగా కాక ఒంటిగా ఉన్నాయి. ఈ రెండు గుర్తులూ కట్లపామువి. సార్ ఊళ్లో లేరు. నేనే చంపి సీసాలో పెట్టాను. నెల తర్వాత ఆయన వచ్చి చూశారు.

"కట్లపామే. చారలు స్పిరిట్‌కి పోయాయి."

"లేదు సార్. పట్టిన్నాడే లేవు. నా కండ్లతోని చూసిన."

"కట్లు లేకుండా కట్లపామేవిటి? అసిస్టెంటువి, అసిస్టెంటులా ఉండు."

"మీరు చూడలే. నేను చూసిన," అన్నాను మళ్లీ. చేతిలో ఉన్న సీసా గాజు మూతను నా మొహం మీదికి విసిరారు. కనుబొమ్మ చీలింది. నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు నా చేతిలో ఒక యాపిల్ పండు పెట్టారు, క్షమాపణ మాత్రం నోటి నుంచి రాలేదు. నేనూ మొండిదాన్నే. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఆయన జనం కోసం ఒక కాగితం అచ్చు వేయించారు. 'పామును గుర్తుపట్టండి' అని దానికి పేరు. ప్రశ్నల పట్టిక అది. అవునంటే కింది ప్రశ్నకు వెళ్లాలి, కాదంటే పక్క గడిలోకి వెళ్లాలి. మొదటి ప్రశ్న: 'పడగ లేని నల్లటి పాము ఒంటిమీద తెల్ల చారలున్నాయా? లేకపోతే అది కట్లపాము కాదు, భయం లేదు.' పొలుసుల సంగతి రెండో ప్రశ్నలో ఉంది. అక్కడిదాకా ఎవరు వెళతారు? చదవగానే నాకు అడిక్‌మెట్ పాము గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు. నూటపన్నెండు హాస్టళ్లు తిరిగి నా చేతులతోనే మైదా రాసి గోడలకు అంటించాను. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టలంటూ ఏదీ వదల్లేదు. ఎప్పుడో ఒకనాడు ఈ మనిషి బోల్తాపడాలి, అప్పుడు నా మొహం చూడాలి, అదే నా ఆశ. ఆ బోల్తా ఎవరిమీద పడుతుందో మాత్రం ఆలోచించలేదు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీ మూతపడింది. నేనూ సమ్మెలోనే ఉన్నాను, తెలంగాణ రావాలని గొంతు పోయేలా అరిచినదాన్నే. పొద్దున్నే చిక్కడపల్లిలో సార్ ఉండే కిరాయి ఇంటికి వెళ్లి సీసాల్లో తగ్గిన స్పిరిట్ నింపి వచ్చేదాన్ని. రిటైరయ్యాక సీసాలన్నీ ఆయన ఇంట్లోనే పెట్టుకున్నారు. మొహమాటంతో కాదు, ఆ సీసాల్లో సగం నేను పట్టిన పాములే.

ఆటోలు కూడా బంద్ అన్న రోజున, ఏడు కాకముందే ఫోన్ మోగింది. సార్ ఎత్తారు. నాకు ఆయన మాటలు మాత్రమే వినిపిస్తున్నాయి.

"ఎంత పొడుగుంది? నల్లగానా? చారలున్నాయా? సరిగ్గా చూశావా? వాపు లేదా? అయితే ఏం లేదయ్యా. మంచినీళ్లు తాగించి పడుకోబెట్టండి."

ఫోన్ పెట్టేసి నాతో అన్నారు. "అశోక్‌నగర్ హాస్టల్లో ఆడపిల్లను ఏదో పాము కరిచిందిట. మన కాగితం చూసే కంగారు పడలేదుట. నిర్ధారణ చేసుకుందామని కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాడు వాచ్‌మన్. చూశావా, ఎంత పని చేస్తోందో మన పట్టిక!"

నిజం చెప్పాలంటే ముందు నాకు కలిగింది భయం కాదు. ఇవాళ తెలుస్తుంది ఈయనకు అనిపించింది. ఒక్క క్షణమే. స్పిరిట్ డబ్బా అక్కడే వదిలేసి పరిగెత్తాను.

హాస్టల్ వాకిట్లో నలుగురు మగవాళ్లు ఇనప రాడ్లతో పామును ఇంకా బాదుతున్నారు. తల ఎప్పుడో ముద్దయిపోయింది. ఒళ్లు సిమెంటుకు అతుక్కుపోయింది, తోక ఇంకా కదులుతోంది. వాచ్‌మన్ బాలప్ప ఒగరుస్తూనే రాడ్ ఎత్తాడు. అతన్ని రెండు చేతులతో నెట్టేశాను.

"సచ్చింది గద! ఇంకేం కొడ్తవ్?"

కొంగుతో రక్తం తుడిచి వెన్ను చూశాను. నడిమి వరస వెడల్పుగా ఉంది, ఆరు మూలలు. తోక తిప్పి చూశాను. ఒంటి పొలుసులు. చార ఒక్కటీ లేదు.

పై అంతస్తులో ఆ పిల్ల చాపమీద పడుకొని ఉంది. పేరు శ్రీదివ్య. సిద్దిపేట నుంచి గ్రూప్ టూ కోచింగ్‌కి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. తెల్లవారుజామున చాపమీదే కరిచింది. మణికట్టు దగ్గర చీమ కుట్టినంత గుర్తుంది, అంతే. కడుపులో నొప్పంటే పక్క పిల్లలు సోడా తాగించారు.

"కండ్లు తెరువు బిడ్డా."

"నిద్రొస్తలేదక్కా," అంది ముద్ద ముద్దగా. "తెరుద్దామంటే తెర్సుకుంటలేవు."

రెప్పలు సగానికి వాలిపోయాయి. కట్లపాము విషం అంతే. వాపుండదు, మంటుండదు. రెప్పలతో మొదలుపెట్టి ఒక్కొక్క కండనే ఆపుకుంటూ ఊపిరి దాకా వస్తుంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దారులన్నీ మూసేశారు, ఎప్పటికొస్తామో చెప్పలేమన్నారు. సార్‌కి చేశాను.

"కట్లపామే! పిల్ల పోతున్నది! స్కూటర్ తీస్కొని రా!"

ఇరవై ఆరేళ్లలో ఆయన్ను ఏకవచనంతో పిలవడం అదే మొదలు. ఆయన లుంగీ మీదే, పాత చేతక్ మీద పది నిమిషాల్లో వచ్చారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పామును చూసి, "చారల్లేవుగా మనోరమా," అన్నారు.

"పొలుసులు చూడు!"

ఆయన పిల్ల మొహం చూశారు. పామును గుడ్డ సంచిలో వేసుకున్నారు. "డాక్టర్లకు చూపించాలి. ఎక్కించు," అన్నారు.

ముందు ఆయన, మధ్యలో పిల్ల, వెనక ఆమెను కౌగిలించుకొని నేను. పెద్దాసుపత్రికి నారాయణగూడ మీదుగా పోవాలి. దారిలో చెప్పాను, "అడ్డం ఆపితే మీరు నోరు తెరవొద్దు సార్. నేను మాట్లాడ్త." సరేనన్నారు.

నారాయణగూడ చౌరస్తాలో టైర్లు తగలబడుతున్నాయి. ఎవరిదో కారు అద్దాలన్నీ పగిలి రోడ్డు నిండా పడి ఉన్నాయి. ఒక రాయి వచ్చి స్కూటర్ దీపానికి తగిలింది. బండి ఆగింది. అదే క్షణంలో శ్రీదివ్య తల నా మెడమీద వాలిపోయింది. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. ఆమెను కిందికి దించి గాజుముక్కల మీదే పడుకోబెట్టాను. ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాను. ఛాతీ లేచింది. ఆపితే ఆగిపోతుంది. ఇక నాకు మాట్లాడే నోరు లేకుండా పోయింది.

పది పన్నెండు మంది చుట్టూ చేరారు. ముందున్నవాడు మా గల్లీ అనుదీప్. జగదీశ్వరన్న కొడుకు. నా చేతి అన్నం తిని పెరిగినవాడు. మూతికి దస్తీ కట్టుకున్నాడు, చేతిలో దుడ్డుకర్ర ఉంది. నా మొహం పిల్ల మొహం మీద ఉంది కాబట్టి నన్ను గుర్తుపట్టలేదు.

"ఏ! బంద్ అని ఎరుకలేదా? ఎటు పోతున్నవ్?"

"దారి వదలండి. అమ్మాయిని పాము కరిచింది," అన్నారు సార్.

"ఎవర్నువ్వు? ఏ ఊరు?"

వద్దని చెయ్యి ఊపాను. ఆయన నావైపు చూడలేదు. చూసినా ఆగేవారు కాదు. పుట్టిన చోటు తప్పు రాసిన చీటీని ముక్కలుగా చింపి మా మొహాన కొట్టే మనిషి ఆయన. ఎవరు ఊరడిగినా చీటీ రాసినట్టే చెప్పేవారు.

"పుట్టింది రేపల్లె, గుంటూరు జిల్లా. హైదరాబాదులో అరవై ఒకటి నుంచి. నీకెందుకు?"

"గుంటూరోడట్రా!"

"సంచిల ఏముంది? యాసిడా?"

"ఏవుందో చూడు!" అని సార్ కోపంతో ఊగిపోతూ పామును బయటికి లాగి అనుదీప్ మొహం ముందు పెట్టారు. వాడు కెవ్వుమని వెనక్కి దూకి, గుడ్డిగా కర్ర తిప్పాడు. ఆ దెబ్బ చప్పుడు నాకు ఊదుతూనే వినిపించింది. సార్ పడిపోయారు. "పాము మామీదికి విసిరిండు!" అని ఎవడో అరిచాడు. ఇంకో ఇద్దరు వచ్చి పడ్డ ఆయన్ను పక్కటెముకల్లో తన్నారు. రాయి ఎత్తిన చెయ్యి కూడా చూశాను. నేను ఊదుతూనే ఉన్నాను. లేచి ఆ చెయ్యి పట్టుకుంటే పిల్ల చస్తుంది, లేవకపోతే ఆయన చస్తారు. నేను లేవలేదు.

"అరే, పిల్లకు శ్వాస లేదురా! ఆమె నోటితోని ఇస్తున్నది, చూడుండ్రి!" అన్నారెవరో. తన్నులు ఆగాయి. అనుదీప్ వంగి చూసి దస్తీ కిందికి లాగేశాడు.

"మనోరమక్కా... నువ్వా?"

రెండు ఊపిర్ల మధ్య తలెత్తాను. "కొట్టింది సాలు. బండి తే!"

ర్యాలీకి తెచ్చిన జీపు ఒకటుంది. దాన్ని తెచ్చారు. కుర్రాళ్లే మమ్మల్నిద్దర్నీ ఎత్తి అందులో పెట్టారు, నా నోరు ఆ పిల్ల నోటి మీద నుంచి కదలకుండా. సార్ రోడ్డుమీద పక్కకు తిరిగి ఉన్నారు. చెవిలోంచి రక్తం వస్తోంది.

"మనోరమా," అన్నారు. "తోక కింద పొలుసులు... ఒంటివా, జంటవా?"

నేను ఊదుతూనే ఒక వేలు ఎత్తి చూపించాను.

"అయితే నా పట్టిక తప్పు," అన్నారాయన. జీపు కదిలింది.

అనుదీప్ జీపు ముందు పరిగెత్తుతూ, తాము అంటించిన టైర్లను తామే కాళ్లతో తన్ని పక్కకు నెట్టాడు. పిక్కలు కాలి బొబ్బలెక్కాయి. వాడి మీద నాకు జాలి వేయలేదు. ఆస్పత్రి చేరేసరికి నా పెదాలు పగిలి, నా నోట్లో నా రక్తమే ఉంది. పిల్ల గొంతులో గొట్టం వేసి యంత్రానికి కలిపారు. బతికే అవకాశం ఉందన్నారు. సార్‌ను ఇంకెవరో తెచ్చి అదే ఆస్పత్రిలో కింది వార్డులో పడేశారు. మళ్లీ మాట్లాడలేదాయన. మూడో రోజు మధ్యాహ్నం పోయారు.

పోలీసులు వచ్చి అడిగితే అనుదీప్ పేరు చెప్పాను. తన్నిన ఇద్దరి ఆనవాళ్లు కూడా చెప్పాను. ఆ సాయంత్రమే జగదీశ్వరన్న మా ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టి, జుట్టు పట్టుకొని నన్ను వాకిట్లోకి లాగాడు.

"మనోడు గాదా వాడు? మనోణ్ని పట్టిస్తవా?"

"మనోడే అన్నా. గందుకే పేరు ఎరుక నాకు," అన్నాను. చెంపమీద కొట్టాడు. ఎదురు కొట్టాను. గల్లీ అంతా చూసింది. ఇంకో రోజు ఎవరో కెమెరా పట్టుకొని వచ్చి, ఆంధ్రావాడని చంపారు కదా, చెప్పమన్నారు. కట్టె తీసుకొని తరిమాను. ఆయన్ను చంపింది కర్రే. కానీ శ్రీదివ్య రెండు గంటలపాటు సోడా తాగుతూ చాపమీద పడి ఉండటానికి ఏ జిల్లా కారణం? ఒక కాగితం కారణం. ఆ సంగతి అడిగినవాడు ఒక్కడూ లేడు.

తొమ్మిది రోజులు యంత్రంమీద ఉండి శ్రీదివ్య కళ్లు తెరిచింది. ఇరవయ్యో రోజున వార్డుకు మార్చారని తెలిసి వెళ్లాను. వాళ్లమ్మ సత్తవ్వ నన్ను చూడగానే నా కాళ్లమీద పడిపోయింది. నువ్వు మనిషివి కాదు, దేవతవన్నది. పక్క మంచాలవాళ్లు చేతులు జోడించారు. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది అక్కడ, ఆ మంచం పక్క స్టూలు మీద కూర్చొని చెప్పేశాను. అడిక్‌మెట్ పాము సంగతి, గాజు మూత సంగతి, మైదా రాసి అంటించిన సంగతి, అంతా.

"ఆయనకు తెల్వక తప్పు చేసిండు," అన్నాను. "నాకు తెల్సు. పదకొండేండ్ల సంది తెల్సు. ఆయన పడిపోతే సూడాలని నోరు మూస్కున్న. పడ్డది నువ్వు."

సత్తవ్వ నా కాళ్ల దగ్గరనుంచి జరిగింది. గొట్టం తీసిన శ్రీదివ్య గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. వంగాను. చాచిపెట్టి చెంపమీద కొట్టింది. ఆ చేతికి సూది కట్టి ఉంది, అది ఊడి నా మెడమీద రక్తం చిందింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. నేను కదల్లేదు. కొట్టగలిగిందన్న సంతోషం, సిగ్గు, రెండూ ఒక్కసారే వచ్చి ఏడ్చేశాను.

"ఏడ్వకు," అంది. "ఎన్ని హాస్టళ్లల్ల అంటిచ్చినవ్?"

"నూటపన్నెండు."

"ఎన్ని పీకినవ్?"

ఈ ఇరవై రోజులూ ఏడ్చాను, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగాను, కొట్లాడాను, సార్ దినాలు చేయించాను. ఒక్క గోడ దగ్గరికీ వెళ్లలేదు. ఆఖరికి ఆమె హాస్టల్ గోడమీద కాగితం కూడా అలాగే ఉంది.

"మా దోస్తులు ఇంక ఆ చాపలమీదనే పండుకుంటున్నరు," అంది శ్రీదివ్య. "మరి నువ్విక్కడ కూసున్నవేంది?"